బీఎఫ్‌సీ ‘బీ’ టీమ్‌లో సీటు వస్తే చిన్నతనమా?

మన బళేపేట కుర్రాడికి బెంగళూరు ఎఫ్‌సీ ‘బీ’ టీమ్‌లో చోటు దొరికితే, ‘అసలు టీమ్ కాదా?’ అని నిట్టూర్చకండి. పెద్ద టీమ్‌లో బెంచీ మీద కూర్చోవలసిన వయసులో ఇక్కడ పూర్తి మ్యాచ్ ఆడే అవకాశం దొరుకుతుంది. సూపర్ డివిజన్ మ్యాచ్‌లు జరిగే అశోక్‌నగర్ స్టేడియం మనకు దూరం కూడా కాదు.

ఒక చిక్కుంది. ఎంత గెలిచినా ఇలాంటి టీమ్‌కు పై మెట్టు ఉండదు. జర్మనీలో 2020లో బాయర్న్ మ్యూనిక్ రెండో టీమ్ మూడో డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది, అయినా రూల్ ప్రకారం అక్కడే ఆగింది.

పైకి వెళ్లేది కుర్రాడే. 2022లో గోవాలో జరిగిన తొలి డెవలప్‌మెంట్ లీగ్‌ను బీఎఫ్‌సీ కుర్రాళ్లు గెలిచారు. వాళ్లలో ఒకడైన శివశక్తి నారాయణన్ ఆ సెప్టెంబరులోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో పెద్ద టీమ్ తరఫున గోల్ కొట్టాడు.