యాత్రలో ఆహారం: కాశీ నేర్పిన పాఠం

యాత్రకు బయలుదేరేవారు మా వైద్యశాలకు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అక్కడ ఏమి తినవచ్చు, ఏమి తినకూడదు?” నలభై సంవత్సరాలుగా నేను ఇస్తూ వచ్చిన సమాధానం కూడా ఒకటే: “ఇంటినుండి తీసుకువెళ్ళినది తినండి. బయటి తిండి ముట్టవద్దు.” ఈ సమాధానంలోని లోపం 2022 డిసెంబరులో కాశీనగరంలో నాకు తెలిసివచ్చింది. యాత్రాప్రియులైన పాఠకులకు ఉపకరిస్తుందన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ఆయుర్వేద వైద్యునికి కాశీ రెండు విధాల పుణ్యక్షేత్రం. సుశ్రుతాది శిష్యులకు శల్యతంత్రాన్ని ఉపదేశించిన దివోదాస ధన్వంతరి కాశీరాజు అని సుశ్రుతసంహిత చెబుతున్నది. గురుకులంలో మేము పఠించిన గ్రంథాలలో అనేకం 1892లో ఆ నగరంలోనే ప్రారంభమైన చౌఖంబా గ్రంథమాలవి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరి, కాశీయాత్ర ముగించి తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది. నేడు మనం ఒకటి రెండు రోజులలో రైలులో చేరుకుంటున్నాం. అయితే శరీరం రైలంత వేగంగా కొత్త నీటికి, కొత్త అన్నానికి, కొత్త చలికి అలవాటు పడదు.

నా ధర్మపత్నితో కలిసి ఒక సత్రంలో దిగాను. వెంట సత్తుపిండి, కరివేపాకు పొడి, బియ్యం ఉండనే ఉన్నాయి. అదే వసారాలో నాగపూరు నుండి వచ్చిన వృద్ధ దంపతులు, కలకత్తాకు చెందిన ఒక ఉపాధ్యాయిని, మన గుంటూరు ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయులొకరు సతీసమేతంగా విడిది చేసి ఉన్నారు. సాయంకాలం గంగాహారతి చూసి వచ్చి అందరం ఒకచోట కూర్చునేవాళ్ళం. వారు ఆనాడు రుచి చూసిన పదార్థాలను వర్ణిస్తుంటే, నేను వాటి దోషాలను వర్ణించేవాడిని. రెండవనాటి రాత్రి ఇంకొక అడుగు ముందుకు వేసి, “యాత్రలో లంఘనమే పరమౌషధం” అని ఉపన్యసించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మాస్టారు మరింత శ్రద్ధగా విన్నారని మరునాడు గాని తెలియలేదు.

కచౌడీ గల్లీలో కలవరం

మూడవనాడు తెల్లవారుజామున అందరం విశ్వనాథుని దర్శనానికి బయలుదేరాం. వరుసలో రెండు గంటలు గడిచాక మాస్టారి ముఖాన చెమటలు పట్టాయి. అంత చలిలో చెమట! చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతున్నది. ఆయన భార్య భయపడిపోయి, “వైద్యులుగారూ, వీరు నాలుగింటికే చక్కెర వ్యాధి మాత్ర వేసుకున్నారండీ. మీరు లంఘనం మంచిదన్నారని రాత్రి కూడా ఏమీ తినలేదు” అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. మాత్ర పనిచేస్తున్నది, కడుపులో ఆహారం లేదు, రక్తంలో చక్కెర పడిపోతున్నది. వరుస నుండి తప్పించి, ప్రక్కనున్న కచౌడీ గల్లీలోకి నడిపించాము. ఒక దుకాణదారుడు విషయం గ్రహించి, అడగకముందే గ్లాసుడు నీళ్ళలో నాలుగు చెంచాల చక్కెర కలిపి ఇచ్చాడు. తెలివి ఉన్నది గనుక నోటి ద్వారా త్రాగించాం. పావుగంటలో మాట స్పష్టమయింది. తరువాత అదే దుకాణంలో వేడివేడి చూడా మటర్, అంటే నేతిలో మగ్గిన అటుకులు, పచ్చి బఠాణీలు, పెట్టించాం. ఆపైన ఆధునిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయించాం. ఆహారం లేకుండా ఆ మాత్ర వేసుకోరాదని ఆయన హెచ్చరించారు.

ఆ మధ్యాహ్నం మాస్టారికి క్షమాపణ చెప్పుకున్నాను. “మీరు అందరికీ చెప్పారు, నేను నాకనుకున్నాను. అంతేనండీ” అని ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చరకాచార్యులు విమానస్థానంలో ఆహారాన్ని నిర్ణయించే అంశాలు ఎనిమిది చెప్పారు: ద్రవ్యస్వభావం, సంస్కారం, సంయోగం, పరిమాణం, దేశం, కాలం, భోజననియమం, చివరిది ఉపయోక్త, అనగా తినే మనిషి. ఆ ఎనిమిదవ అంశాన్ని విచారించకుండా నేను పథ్యం చెప్పాను. ఆయన వ్యాధి ఏమిటో, మందు ఏమిటో ఒక్క ప్రశ్న అయినా అడగలేదు.

దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి

ఆనాటి నుండి నా సంచిలోని సత్తుపిండి సంచిలోనే ఉండిపోయింది. మిగిలిన రోజులు ఆ పంక్తిలోనే భుజించాను. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందనీ, స్నిగ్ధమైన ఆహారం, పాలు, వేడినీరు హితమనీ శాస్త్రం చెబుతున్నది. కాశీవాసుల శీతకాలపు వంటలో ఆ సూత్రమే కనిపించింది. కచౌడీలోని మినపపప్పు గురుత్వం కలది. దానికి విరుగుడుగా ఇంగువ వేస్తారు. నిప్పులపై కాల్చి నేతిలో ముంచే లిట్టీలో ఉండేది మనకు తెలిసిన సత్తుపిండే. దానికి తోడైన చోఖా మన కాల్చిన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం. ఆవనూనె ఘాటు ఒక్కటే తేడా.

మలయ్యో అనేది చలికాలంలో మాత్రమే దొరికే పదార్థం. కాచిన పాలను రాత్రంతా మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకి తేలిన నురుగును కుంకుమపువ్వు, ఏలకులతో మట్టి ముంతలలో పోసి ఇస్తారు. నాలుకపై పెట్టగానే కరిగిపోతుంది. నా ధర్మపత్ని రెండు ముంతలు సేవించింది. నేను ఆమెను వారించలేదు. ఆయాసం, కఫబాధ ఉన్నవారు మాత్రం ఉదయపు చలిలో దానిని మానుకొనడం మేలు. ఉప్పు, కారం గల కచౌడీ తిన్న వెంటనే పాలపదార్థం తీసుకోక, కొంత వ్యవధి ఇవ్వాలి.

బనారసీ పాన్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. భోజనానంతర తాంబూలం మన దినచర్యలో ఉన్నదే. అయితే పొగాకు, జర్దా ఎంతమాత్రం కూడదు. వక్క కూడా నోటి క్యాన్సరుకు కారణమవుతుందని ఆధునిక పరిశోధనలు తేల్చాయి గనుక, ఏలకులు, సోంపు, లవంగంతో సరిపెట్టుకొనడం ఉత్తమం.

యాత్రికులు పాటించవలసినవి

• మొదటి రోజు తేలికగా తిని, కొత్త రుచులను క్రమంగా పెంచుకోండి. కడుపులో రెండు పాళ్ళు ఆహారానికి, ఒక పాలు నీటికి, నాలుగవది వాయు సంచారానికి విడవాలి.

• కళ్ళ ఎదుట వేడిగా తయారైన పదార్థాన్నే తినండి. కోసి ఉంచిన పండ్లు, తెరచి ఉంచిన పచ్చళ్ళు వద్దు. కాచి చల్లార్చిన నీరు త్రాగండి.

• అజీర్ణంగా ఉంటే చిటికెడు శొంఠి, వాము వేసి కాచిన నీరు త్రాగండి.

• విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా త్రాగుతూ ఉండండి. చెంచాలు సమంగా కొలవాలి. జ్వరం, రక్తం కనిపిస్తే వెంటనే వైద్యుని చూడండి.

• మధుమేహానికి మందులు వాడేవారు ఉపవాసం చేయదలిస్తే, ప్రయాణానికి ముందే తమ వైద్యుని సంప్రదించాలి. మందు మానడం గాని, మందు వేసుకొని పస్తుండడం గాని ప్రమాదకరం. జేబులో చక్కెర బిళ్ళలు ఉంచుకోవాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చాలి.

• మీ వ్యాధి, మందుల వివరాలు తోటి యాత్రికులలో ఒకరికైనా తెలియజేయండి. ఆనాడు మాస్టారి భార్య మాత్ర సంగతి చెప్పి ఉండకపోతే, ఆ చెమటకు నేను వేరే కారణం వెదుకుతూ విలువైన సమయం వృథా చేసి ఉండేవాడిని.

ఇప్పుడు యాత్రకు వెళ్ళేవారు వచ్చి ఏమి తినవచ్చని అడిగితే, వెంటనే సమాధానం చెప్పడం లేదు. ముందుగా వారు వాడే మందుల చీటీ చూపించమంటున్నాను.