నిప్పురవ్వ – సమయము

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయమును చూడని విద్యార్థి మన జిల్లాలో అరుదు. సూర్యుడు ఎంత కదలినను గర్భగుడిలో స్తంభపు నీడ కదలదు. ఆ నిలుకడను చూచి ముగ్ధులమయ్యే మనము, అదే ఊరి బాటన పరుగెత్తు మోటారు ఇంజనులో ఒక లోహపు పన్ను సెకనుకు యాభైసార్లు దాటిపోవుచుండగా, దాని జాడను పట్టి నిప్పు వేయవలసిన పని ఎంత కష్టమో ఆలోచింపము. మేము ఆలోచించుటకు కారణము ఒక పాత అంబాసిడర్ కారు.

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము అంటుకొన్న తక్షణమే పేలదు. అది పూర్తిగా మండుటకు సుమారు రెండు మిల్లీసెకన్లు పట్టునని అనుకొందము. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజను సెకనుకు 18,000 డిగ్రీలు తిరుగును. అనగా ఆ రెండు మిల్లీసెకన్లలో 36 డిగ్రీలు గడచిపోవును. కావున పిస్టను పైకొస చేరకముందే నిప్పు పడవలెను. ఆలస్యమైన బలము పోవును. మరీ ముందైన మిశ్రమము తనంతట తాను పేలి, సిలిండరు గలగలలాడును. ఆ గలగల కొనసాగినచో పిస్టనుకు చిల్లి పడును.

1910 ప్రాంతమున చార్లెస్ కెటరింగ్ కాడిలాక్ కార్లకు అమర్చిన పద్ధతిలో ఈ లెక్క డిస్ట్రిబ్యూటరు చూచుకొనేది. పాయింట్లు విడినప్పుడు నిప్పు పడును. వేగమును బట్టి లోపలి బరువులు విచ్చుకొని దానిని ముందుకు జరుపును. మా ఉస్తాదు నలభై ఏండ్లుగా చెవితోనే ఆ డిస్ట్రిబ్యూటరును తిప్పి సరిచేసినవాడు. ఆయన షెడ్డులోనే మా విద్యార్థులిద్దరు దానిని తీసివేసి, బయట కొన్న ఎలక్ట్రానిక్ కంట్రోలరును బిగించిరి. ఉస్తాదు కాదనలేదు, ఔననలేదు. చాయ్ త్రాగుచు చూచినాడు.

క్రాంకు పుల్లీకి పండ్లచక్రమును బిగించిరి. ముప్పదియారు పండ్ల స్థానములలో ఒకటి ఖాళీ. పన్నుకు పన్నుకు పది డిగ్రీలు. ఆ ఖాళీయే లెక్కకు ఆరంభము. చక్రమునకు సుమారు ఒక మిల్లీమీటరు ఎడముగా సెన్సారు. ఇది రెండు రకములు. అయస్కాంతము, తీగచుట్ట కలది మొదటిది. పన్ను దాటినపుడు అలవంటి విద్యుత్తును పుట్టించును, వేగము తగ్గిన అల చిన్నదగును. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మముపై పనిచేయునది రెండవది. నెమ్మదిగా తిరిగినను స్పష్టమైన సంకేతమునిచ్చును గాని మూడు తీగలు కావలెను. మావారు మొదటిదానిని పెట్టిరి. క్రాంకు చక్రమొక్కటే అది కుదింపు ఘట్టమో, పొగ వదలు ఘట్టమో చెప్పజాలదు. అందుచేత ఒకటి, నాలుగు సిలిండర్లకు ఒకేసారి, రెండు, మూడింటికి ఒకేసారి నిప్పు పడునట్లు ఏర్పరచిరి. వృథాయగు నిప్పుతో నష్టము లేదు.

ఇక అసలు పని పైకొసను గుర్తించుట. అక్కడ పిస్టను దాదాపు నిలిచినట్లుండును, కంటికి తెలియదు. ప్లగ్గు రంధ్రములో ఒక అడ్డును బిగించి, ఇంజనును చేతితో మెల్లగా ఇటు తగులువరకు ఒకసారి, అటు తగులువరకు ఒకసారి త్రిప్పి, రెండుచోట్ల గీతలు పెట్టవలెను. ఆ రెంటి నడిమి స్థానమే పైకొస. ఇది మావారు చక్కగా చేసిరి. ఖాళీనుండి పైకొసవరకు పండ్లు లెక్కించుటలో మాత్రము ఒక పన్ను తప్పిరి.

కారు కదిలినది. తెరపై పది డిగ్రీలని కనిపించుచున్నది. కాని ఎత్తు ఎక్కునప్పుడు ఉస్తాదు చేయి పైకెత్తి ఆపించినాడు.

"బేటా, నిప్పు ముందుగాల పడుతున్నది."

"తెరమీద సరిగ్గానే ఉన్నది, చాచా."

"ఇంజను మీద చూసినారా?"

చూడలేదు. తెరపై కనిపించునది కంట్రోలరు ఇచ్చిన ఆజ్ఞయే గాని జరిగినదానికి సాక్ష్యము కాదు. మేమును అంతవరకు ఆ భేదమును తలచలేదని ఒప్పుకొనుచున్నాము. కంట్రోలరులో నిప్పును పది డిగ్రీలకు కదలకుండ బిగించి, టైమింగు దీపమును పుల్లీపై వేయగా ఇరువది డిగ్రీలు కనిపించినది. పది డిగ్రీలు, అనగా సరిగ్గా ఒక పన్ను! ఆరంభకోణమును దిద్దిరి.

వేగము పెంచగా గీత మరల జరుగసాగినది. బిగించిన కోణము వేగముతో జరుగరాదు. వెదకగా సెన్సారు రెండు తీగలు తారుమారైనట్లు తేలినది. అల సున్నను దాటు సరియైన అంచును విడిచి, కంట్రోలరు రెండవ అంచును చూచుచున్నది. తీగలు మార్చిన పిదప ఆరంభకోణమును మరల సరిచేయవలసివచ్చినది. అంచు మారిన స్థానమును మారును గదా! సెన్సారు తీగకు తొడిగిన జాలీని ఒక కొసననే భూమికి కలిపిరి, ప్లగ్గుతీగల అలజడి అంటకుండుటకు.

ఈసారి 3,000 చుట్లవద్దను దీపపు వెలుగులో గీత ఒక్కచోటనే నిలిచినది. ఉస్తాదు వంగి కొంతసేపు చూచి, పుల్లీమీది గీతపై తెల్లరంగు పూసినాడు. పాత డిస్ట్రిబ్యూటరును నూనెగుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టుకొన్నాడు.