బస్తా ఒకటే, పప్పు ఒకటేనా?

ఒక చిన్న లెక్క. ఉద్దానం నుంచి ఇద్దరు రైతులు చెరొక బస్తా జీడిపిక్కలు పలాసకు తెచ్చారనుకోండి. కాటా మీద రెండు బస్తాలూ సరిగ్గా 80 కిలోలే తూగాయి. మరి రెండింట్లోనూ పప్పు సమానంగా ఉంటుందా?

ఉండదు. పిక్కలో పప్పు కొంతే. మిగతాదంతా పెంకూ, అందులోని నూనే, తేమా. చెట్టు జాతిని బట్టి, పిక్క పూర్తిగా పండిందా లేదా అన్నదాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి పప్పు మారిపోతుంది. అందుకే జీడి వ్యాపారంలో 'ఔట్‌టర్న్' అనే కొలత ఒకటి పెట్టుకున్నారు. 80 కిలోల పిక్కల్లో పనికొచ్చే పప్పు ఎన్ని పౌన్లు ఉందో అది చెబుతుంది. బస్తా కిలోల్లో, పప్పు పౌన్లలో! వింతగా ఉంది కదూ? పౌను అంటే 453.6 గ్రాములు.

దీన్ని కనుక్కోవడం కష్టమేమీ కాదు. పలు బస్తాల నుంచి పిడికెడు పిడికెడు తీసి కలిపి, ఒక కిలో తూచుతారు. ఒక్కొక్క పిక్కనూ రెండుగా కోస్తారు. మంచి పప్పుకు పూర్తి బరువు, మచ్చలున్నదానికీ ముడుచుకుపోయినదానికీ సగం బరువు లెక్క కడతారు. కుళ్ళినదానికి సున్న. కిలోకు 283.5 గ్రాములు వచ్చిందనుకోండి. దాన్ని 80తో హెచ్చవేస్తే 22,680 గ్రాములు; 453.6తో భాగిస్తే 50 పౌన్లు.

మొదటి రైతు బస్తా 50, రెండవ రైతుది 44 అనుకుందాం. తేడా 6 పౌన్లు, అంటే సుమారు 2.72 కిలోల పప్పు. ఇద్దరికీ ఒకే ధర కడితే మొదటి రైతు శ్రమ ఎవరి ఖాతాలో పడినట్టు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి ఇక్కడి జీడి, కొబ్బరి తోటలను కూల్చివేసింది. అలాంటి దెబ్బ తిన్నవారికి ఆ 6 పౌన్లు చిన్న సంగతి కాదు.

ఇక కంప్యూటరు సంగతి. సరుకు నిల్వలు చూసే సాఫ్ట్‌వేర్‌లో కొలతల పట్టిక ఒకటి ఉంటుంది. 1 కిలో అంటే 1000 గ్రాములు. ఇది ఎప్పటికీ మారదు. ఆ పట్టికలోనే 'ఒక బస్తా అంటే 50 పౌన్ల పప్పు' అని కూడా రాసేస్తేనో? 44 పౌన్ల బస్తాలు 100 వచ్చాయంటే, గోదాములో లేని 600 పౌన్ల పప్పును కంప్యూటరు ఉన్నట్టు చూపుతుంది! పాపం, దాని తప్పేమీ లేదు. మారే సంఖ్యను మారనిదిగా నేర్పింది మనమే.

కాబట్టి ఔట్‌టర్న్‌ను పట్టికలో పెట్టకూడదు. వచ్చిన ప్రతి సరుకు మోపుకూ విడిగా రాయాలి. మోపు నంబరు, తూచిన బరువు, తేమ, ఔట్‌టర్న్. పప్పు ఎంతన్నది వీటి నుంచి కట్టవలసిన లెక్క. 50 పౌన్లవి 60 బస్తాలు, 44 పౌన్లవి 40 బస్తాలు కలిపితే సగటు 47 అని తొందరపడకండి. 3000, 1760 కూడితే 4760. 100తో భాగిస్తే 47.6.

తేమ కూడా ఇలాగే మోసం చేస్తుంది. 12 శాతం తేమ ఉన్న 80 కిలోల పిక్కల్లో పొడి పదార్థం 70.4 కిలోలు. తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెడితే కాటా 76.5 కిలోలే చూపుతుంది. మూడున్నర కిలోలు ఎవరూ దొంగిలించలేదు, ఎండే తీసుకుపోయింది!

మందుల విషయంలో ఇదే పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. 40కి గీతలు గీసిన సిరంజిలో 100దాన్ని ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది.

మీరూ ఒక ఔట్‌టర్న్ కట్టి చూడండి. 100 గ్రాముల వేరుసెనగ కాయలు ఒలిచి, పప్పు తూచండి. మరో కొట్టులో కొన్న కాయలతో మళ్ళీ చేయండి. రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసుకోండి.