వేగమునకు హద్దు న్యాయమేనా?

హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు 163వ నంబరు జాతీయ రహదారి జనగామ మీదుగా సాగుచున్నది. 365వ రహదారి మహబూబాబాదు మీదుగాను, 353సి రహదారి భూపాలపల్లి మీదుగాను పోవుచున్నవి. ఈ దారులు మోటారు వాహనములకు మాత్రమే చెందినవి కావు. బడికి పోవు పిల్లలు, గొఱ్ఱెల మందలు, పత్తి నింపిన ట్రాక్టర్లు, బొగ్గు లారీలు అన్నియు వాని మీదనే సాగవలెను. కోతల కాలమున అంచుల వెంబడి వడ్లు ఆరబోయుటయు కలదు. ఇట్టి దారులపై వేగమునకు హద్దు పెట్టి, మీరినవారిని శిక్షించుట న్యాయమా? ‘బండి నాది, ప్రాణము నాది, నడుమ ప్రభుత్వమున కేమి పని?’ అని అడుగు యువకులు కలరు. ఈ ప్రశ్నను కసరి త్రోసివేయుటకంటె విచారించి చూచుట మేలు.

మొదట వేగము సంగతి. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనులో 11 మీటర్లు పోవును. 80 కిలోమీటర్ల వేగమున 22 మీటర్లు. అడ్డము వచ్చిన పిల్లవానిని కన్ను చూచి, చేయి బ్రేకును పట్టులోపలనే ఇంచుమించు ఒక సెకను గడచిపోవును. బ్రేకు పట్టిన తరువాత బండి జారిపోవు దూరము, వేగము రెట్టింపైనచో నాలుగింతలగును. పొడిగానున్న మంచి రోడ్డుపై మొదటి బండి సుమారు 20 మీటర్లలో నిలిచిన, రెండవది 50 మీటర్లు దాటినగాని నిలువదు. ఇంతకును కలిసివచ్చున దేమి? 20 కిలోమీటర్ల దారిని 60కి బదులు 80 వేగమున పోయినచో మిగులునది ఐదు నిమిషములు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరనియు, అందు నూటికి 71 మరణములకు మితిమీరిన వేగమే కారణమనియు కేంద్ర ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. కావున బండి నడుపువాని ప్రాణము ఒక్కటే ఇందు పణము కాదు.

హద్దులు మారరానివియు కావు. ఇంగ్లండులో 1865 నాటి చట్టము ప్రకారము యంత్రపు బండికి ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలసి యుండెను. 1930లో అచ్చట కార్లకు వేగపరిమితినే తీసివేసిరి. అయిదేండ్లకే, 1935లో, ఊళ్ళలో గంటకు 30 మైళ్ళ హద్దును మరల పెట్టవలసి వచ్చెను. మితిమీరిన కట్టడియు నిలువలేదు, కట్టడి లేమియు నిలువలేదు.

ఇక పందెముల మాట. త్వరపడి వేగము పెంచుట ఒకటి, కూడబలుకుకొని రోడ్డును పందెపు బరిగా మార్చుట వేరొకటి. దారిని పోవువా రెవ్వరును ఆ పందెమునకు ఒప్పుకొన్నవారు కారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేని పందెములనే నిషేధించుచున్నది. పందెమును బొత్తిగా కాదనలేదు. 2019 సవరణ, మొదటి తప్పునకు మూడు నెలల వరకు ఖైదుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధించుచున్నది. మైనరు బాలుడు నేరము చేసినచో సంరక్షకుడును, బండి యజమానియు బాధ్యులగుదురు. తమకు తెలియకుండ జరిగినదనిగాని, తాము తగిన జాగ్రత్త వహించితిమనిగాని నిరూపించుకొన్నచో వారికి విడుదల కలదు.

అయినను ఆక్షేపణలో నిజము లేకపోలేదు. వేయి రూపాయల జరిమానా కారు యజమానికి లెక్కలోనిది కాదు. కూలిపనికి మోటారుసైకిలుపై పోవువానికి అది కొన్ని దినముల గ్రాసము. ఫిన్లండు దేశమున ఆదాయమునుబట్టి జరిమానా నిర్ణయించు పద్ధతి కలదు. హెచ్చించిన జరిమానాలను అమలుపరచబోమని నాటి తెలంగాణ ముఖ్యమంత్రి 2019లో శాసనసభయందే ప్రకటించిరి. తరువాత 2022లోను, 2023 చివరను పాత చలానాలపై రాయితీ లిచ్చిరి. ద్విచక్రవాహనములకు తొలిసారి నూటికి 75 వంతులు, మలిసారి 80 వంతులు తగ్గించిరి. పేదవానికి ఇది ఊరటయే. కాని వెంటనే చెల్లించినవాడు పూర్తి సొమ్ము ఇచ్చుకొనెను. చెల్లింపక కూర్చుండినవానికి లాభము కలిగెను. శిక్ష కఠినమగుటకంటె ఇట్లు తారుమారగుటయే ఎక్కువ అన్యాయము.

చట్టములోనే పౌరునకు రక్షణలు కొన్ని కలవు. ప్రభుత్వము ఒక దారిపై ప్రత్యేక పరిమితి విధించినచో తగినచోట గుర్తుపలకలు నిలుపవలెను. వేగము హెచ్చెనని ఒక్క సాక్షి తన ఊహను చెప్పినంత మాత్రమున శిక్షింపరాదు. ఆ అంచనాకు యంత్రపు ఆధారముండవలెను. హద్దు మీరక చేరుట సాధ్యముకాని వేళను నిర్ణయించి డ్రైవరును తరుము యజమానిని సైతము 183వ సెక్షను బాధ్యుని చేయుచున్నది. లారీ డ్రైవర్లు ఈ చివరి సంగతి తెలిసికొనుట అవసరము.

హద్దు పెట్టుట న్యాయమే. పందెమును కఠినముగ శిక్షించుటయు న్యాయమే. అయితే పలక కనబడవలెను, యంత్రము సరిగా పనిచేయవలెను, జరిమానా అందరివద్దను ఒకే తీరున వసూలు కావలెను. ఇవి కొరవడిన చోట అడుగుటకు పౌరునకు హక్కు కలదు. కాని ఆ కొరతను చూపి పిల్లలు దాటు వీధిలో వేగము పెంచు హక్కు మాత్రము ఎవ్వరికిని లేదు.