అదనపు ఆటగాడు

మిరప నారు నాటే రైతు ప్రతి మొక్కా బతుకుతుందని నమ్మడు. తుళ్లూరు పరిసరాలలోని నల్లరేగడి చేలలో నాట్లు ముగిసిన పిమ్మట కూడ నారుమడిలో కొంత నారు మిగిల్చి ఉంచుతారు. ఎండిన మొక్క స్థానంలో దానిని పెడతారు. క్రీడాజట్టులో అదనపు ఆటగాని స్థితి ఇటువంటిదే. పిలుపు వస్తుందో రాదో తెలియదు. వచ్చిననాడు మాత్రం సిద్ధంగా ఉండాలి.

బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్సులకు ఫలితం తేలకపోతే అదనపు ఇన్నింగ్సులు ఆడతారు. అంతవరకు బల్లమీద కూర్చున్నవాడు అప్పుడు బరిలోకి వచ్చి, ఒక్క దెబ్బతో ఆటను గెలిపించవచ్చు. టెస్టు క్రికెట్ నిబంధనలు ఇంత ఉదారమైనవి కావు. ఆట నడుమ ఒకరు గాయపడితే బదులుగా వచ్చినవాడు సాధారణంగా క్షేత్రరక్షణ చేయవచ్చునే గాని బంతి వేయరాదు, బ్యాటు పట్టరాదు. తలకు దెబ్బ తగిలిన సందర్భంలో 2019 నుండి సడలింపు ఉన్నది. కాబట్టి ఇక్కడ అదనపు ఆటగానికి అవకాశం రావాలంటే సాధారణంగా మరొక మ్యాచి వరకు వేచి ఉండక తప్పదు.

హైదరాబాదు యువకుడు మహమ్మద్ సిరాజ్ అట్లు వేచి ఉన్నవాడే. తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపి కుటుంబాన్ని పోషించాడు. భారతజట్టుతో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా 2020 నవంబరు 20న ఆ తండ్రి మరణించాడు. స్వదేశానికి వెళ్లవచ్చునని క్రికెట్ మండలి చెప్పినప్పటికీ అతడు అక్కడనే ఉండిపోయాడు. కుమారుడు దేశం తరఫున ఆడాలన్నది తండ్రి కోరిక.

అడిలైడ్‌లో భారతజట్టు 36 పరుగులకే కుప్పకూలింది. అదే ఇన్నింగ్సులో షమీ చేయి విరిగింది. ఆ ఖాళీలో సిరాజ్ డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడి, రెండు ఇన్నింగ్సులలో కలిపి ఐదు వికెట్లు తీశాడు. సిడ్నీలో ప్రేక్షకులలో కొందరు అతనిని జాతిపేరుతో దూషించారు. ఆ మ్యాచిలోనే కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడకండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని ఓటమిని తప్పించాడు. పరుగులు 23 మాత్రమే. కాని వాటి విలువను అంకెలతో కొలవడం అవివేకం.

బ్రిస్బేన్ చేరేనాటికి బుమ్రా, అశ్విన్, జడేజా, విహారి అందరూ గాయాలతో దూరమయ్యారు. రెండే టెస్టులు ఆడిన సిరాజ్ బౌలర్లలో పెద్దవాడయ్యాడు! నటరాజన్, వాషింగ్టన్ సుందర్‌లకు అదే తొలి టెస్టు. అది చాలదన్నట్లు తొలి ఇన్నింగ్సులోనే సైనీ గాయపడ్డాడు. పైన చెప్పిన నిబంధన వలన అతని బదులు మరొకరు బంతి వేసే వీలు లేకపోయింది. ఆ భారం తక్కినవారి భుజాలపై పడింది. ఆ మైదానంలోనేమో ఆస్ట్రేలియా 1988 తరువాత ఓడిపోలేదు.

రెండవ ఇన్నింగ్సులో ఆస్ట్రేలియా వికెట్టు పోకుండా 89 పరుగులు చేసింది. శార్దూల్ ఠాకూర్, సుందర్ ఆ జంటను విడదీశారు. అనంతరం సిరాజ్ ఒకే ఓవరులో లబుషేన్‌ను, వేడ్‌ను పంపివేశాడు. యాభై దాటి కుదురుకొన్న స్మిత్‌ను అనూహ్యంగా ఎగసిన బంతితో బోల్తా కొట్టించాడు. చివరకు స్టార్క్, హేజిల్‌వుడ్‌లు కూడ అతనికే చిక్కారు. 73 పరుగులకు ఐదు వికెట్లు. బంతి చేతపట్టి తిరిగి వస్తున్న అతనిని, ఆడలేక బయట కూర్చున్న బుమ్రా సరిహద్దు వద్ద ఎదురేగి కౌగలించుకొన్నాడు.

లక్ష్యం 328. 2021 జనవరి 19న, చివరిరోజున, ఇంకా మూడు ఓవర్లు మిగిలి ఉండగా పంత్ 89 పరుగులతో అజేయంగా నిలిచి విజయం చేకూర్చాడు. లోకం ఆ ఇన్నింగ్సునే ఎక్కువగా కీర్తించింది. అది న్యాయమే. అయితే సిరాజ్ ఆ వికెట్లు తీయకపోయి ఉంటే లక్ష్యం అందనంత దూరం పోయేది. మొత్తం 13 వికెట్లతో భారత బౌలర్లలో ఆ వరుసలో ప్రథముడు అతడే.

రెండు రోజుల అనంతరం సిరాజ్ హైదరాబాదు చేరుకొన్నాడు. విమానాశ్రయం నుండి ఇంటికి పోలేదు. నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్లాడు.