పెరటి కోళ్ళ పెంపకం: పిల్లల కొనుగోలు నుండి గోమార్ల నివారణ వరకు

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాలు మూడూ గుంతకల్లు నుండి బెంగళూరుకు వెళ్ళే రైలు మార్గంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. వానలు తక్కువగా పడే ఈ ప్రాంతంలో ప్రధానమైన మెట్ట పంట వేరుశనగ. బోరు నీరు ఉన్న చోట మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతారు. పంట పోయిన ఏడాది ఇంటి ఖర్చులకు కొంత ఆదుకునేవి పెరట్లోని కోళ్ళు. వాటి లెక్క సాధారణంగా ఇంటి ఆడవారి చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఒక్క వారంలో కోళ్ళన్నీ చనిపోతే ఆ నష్టం ఏ పుస్తకంలోకీ ఎక్కదు, కాని ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఈ పాఠంలో వాణిజ్య ఫారాల గురించి కాక, పది నుండి ముప్పై కోళ్ళు ఉండే పెరటి పెంపకం గురించి తెలుసుకుంటాం.

1. ఏ పిల్లలను కొనాలి?

సంతల్లోను, వీధుల్లోను గంపల్లో పెట్టి అమ్మే ఎరుపు, ఆకుపచ్చ రంగుల పిల్లలను మీరు చూసే ఉంటారు. అవి ప్రత్యేకమైన జాతి కావు. గుడ్ల కోళ్ళ హేచరీలలో పుట్టిన మగ పిల్లలు గుడ్లు పెట్టవు కనుక హేచరీకి అక్కరలేదు. వాటికే రంగు వేసి చౌకగా అమ్ముతారు. వాటికి టీకా వేశారో లేదో ఎవరూ చెప్పలేరు. పిల్లవాడి ముచ్చట కోసం ఒకటి కొనడం వేరు, పెంపకానికి పాతిక కొనడం వేరు.

పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలలో మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించేవి వనరాజా, గ్రామప్రియ. ఈ రెండింటినీ హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించింది. బెంగళూరు పశువైద్య కళాశాల రూపొందించిన గిరిరాజా కూడా ఉంది. హిందూపురం వారికి హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర. వనరాజా మాంసానికి, గుడ్లకు రెండింటికీ పనికి వస్తుంది; ఏడాదికి సుమారు 100 నుండి 110 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్ల కోసం. మేత బాగుంటే 150 గుడ్లు దాటుతుంది. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టడం అరుదు.

గుడ్ల సంఖ్య చూసి నాటుకోడిని తీసిపారేయకూడదు. మెరుగుపరచిన రకాల పెట్టలు సాధారణంగా పొదగడానికి కూర్చోవు. నాటుపెట్ట 21 రోజులు పొదిగి, పిల్లలను తిప్పి, గద్ద వస్తే రెక్కల కింద దాచుకుంటుంది. వనరాజా బరువెక్కిన తరువాత కుక్కను తప్పించుకోవడం కూడా దానికి కష్టమే. ఊరి చివర, గుట్టల పక్కన ఇల్లు ఉన్నవారికి తేలికైన గ్రామప్రియ నయం. రెండు మూడు నాటుపెట్టలను ఉంచుకుని, మిగిలినవి మెరుగుపరచిన రకం తెచ్చుకోవడం మంచి పద్ధతి.

కొనేటప్పుడు పిల్ల కళ్ళు మెరుస్తూ ఉన్నాయా, బొడ్డు పూర్తిగా మూసుకుని పొడిగా ఉందా, వెనుక భాగానికి రెట్ట అంటుకుని ఉందా అని చూడాలి. మారెక్స్ వ్యాధి టీకా హేచరీలోనే మొదటి రోజు వేయాలి. వేశారా అని అడగండి. పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దానికి రెండు మూడు రోజుల వరకు ఆహారంగా ఉపయోగపడుతుంది. అందుకే ఒక రోజు వయసు పిల్లలను దూరప్రాంతాల నుండి మేత లేకుండా తీసుకురాగలుగుతున్నారు. ఇంటికి చేరగానే ముందు నీళ్ళు, తరువాత మేత ఇవ్వాలి.

2. మొదటి నాలుగు వారాలు

తల్లి లేని పిల్లకు తల్లి రెక్కల వేడి మనమే కల్పించాలి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్కవేస్తే 25 పిల్లలకు ఒక 60 వాట్ల బల్బు సరిపోతుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఎల్‌ఇడి బల్బులు. అవి వెలుగునిస్తాయి కాని వేడినివ్వవు. పాతరకం తీగ బల్బునే అడిగి కొనాలి. ఈ ఒక్క తేడా తెలియక, దీపం వెలుగుతూనే ఉన్నా పిల్లలు చలికి చనిపోతుంటాయి. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది కనుక శీతకాలపు రాత్రులు ధర్మవరం కంటే చల్లగా ఉంటాయి. అక్కడ బల్బును మరికొన్ని రోజులు ఉంచవలసి రావచ్చు.

ఉష్ణమాపకం లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కుతుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. అంతటా చెదిరి తిరుగుతుంటే సరిగా ఉన్నట్లు. కరెంటు పోయినప్పుడు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. ఆ పొగ పిల్లలకే కాదు, ఆ గదిలో పడుకున్న మనుషులకూ ప్రాణాంతకం.

కింద పరచడానికి వరి ఊక దొరకకపోతే వేరుశనగ పొట్టు వాడవచ్చు. అయితే అది బాగా ఎండి ఉండాలి. తడిసిన పరుపులోనే రక్తపారుడు వ్యాధి కలిగించే కాక్సిడియా సూక్ష్మజీవులు పెరుగుతాయి. మూడు నుండి ఆరు వారాల పిల్లలు ఈకలు నిక్కబొడుచుకుని, రెట్టలో రక్తం కనబడితే ముందు పరుపు మార్చాలి. మందుగా ఆంప్రోలియం 20 శాతం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున కలిపి, పశువైద్యుని సలహా మేరకు మూడు నుండి ఐదు రోజులు ఇస్తారు. ఆ రోజులలో వేరే నీరు పెట్టకూడదు.

3. మేత: మన ఊళ్ళో దొరికేవి, దొరికినా పెట్టకూడనివి

ఆరు వారాల వరకు పిల్లలకు స్టార్టర్ దాణా ఇవ్వాలి. తరువాత అవి తిరిగి ఏరుకుంటాయి. వానాకాలంలో పురుగులు, చెదలు దొరుకుతాయి కనుక మాంసకృత్తులకు లోటు ఉండదు. ఫిబ్రవరి నుండి మే వరకు నేల ఎండిపోయినప్పుడు గింజలు మాత్రమే మిగులుతాయి. గుడ్లు తగ్గడానికి ఎండతో పాటు ఇదీ కారణమే. సాయంత్రం గూటికి చేర్చేటప్పుడు కోడికి 30, 40 గ్రాముల సజ్జలు, రాగులు లేదా కొర్రలు వేస్తే చాలు. గుడ్లు పెట్టే కోడికి సున్నపురాయి పొడో, ఆల్చిప్పల పొడో విడిగా ఒక చిప్పలో ఉంచాలి.

హిందూపురం, ధర్మవరం ప్రాంతాలలో పట్టుదారం తీసే రీలింగ్ కేంద్రాల నుండి ప్యూపాలు దొరుకుతాయి. మాంసకృత్తులు అధికంగా ఉండే మేత ఇది. కాని అందులో నూనె ఎక్కువ. త్వరగా చెడి కంపు కొడుతుంది. ఎక్కువగా పెడితే గుడ్డుకూ మాంసానికీ ఆ వాసన వస్తుంది. బాగా ఎండబెట్టినవి, కొద్దిగా మాత్రమే కలపాలి.

వేరుశనగ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మనిషి తినడానికి పనికిరాదని ఏరి పారేసిన బూజు గింజలు కోళ్ళకు వేయడం మన ఇళ్ళలో అలవాటు. ఆ బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి. పరిశోధిస్తే దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. వేయించినా ఉడికించినా ఇది పూర్తిగా పోదు. కోడి ఒక్కసారిగా చావకపోయినా గుడ్లు తగ్గుతాయి, టీకాలు సరిగా పనిచేయవు.

4. కొక్కెర తెగులు, టీకాలు

కొక్కెర తెగులును రాణిఖేత్ వ్యాధి అని కూడా అంటారు. 1920లలో మన దేశంలో దీనిని గుర్తించిన కుమావూ కొండల్లోని ఊరి పేరే దీనికి స్థిరపడింది. ఆకుపచ్చని పారుడు, నోరు తెరిచి గాలి పీల్చడం, మెడ మెలితిరగడం దీని లక్షణాలు. ఇది వైరస్ వల్ల వచ్చేది; సోకిన తరువాత మందు లేదు. టీకా వేయని మందలో దాదాపు అన్నీ పోవచ్చు.

ఐదు నుండి ఏడు రోజుల వయసులో లాసోటా టీకా కంటిలో ఒక చుక్క వేయాలి. 14వ రోజున గంబోరో టీకా, 28వ రోజున మళ్ళీ లాసోటా, ఆరు వారాలకు మశూచి టీకా, ఎనిమిది నుండి పది వారాల మధ్య ఆర్‌2బి సూది వేయాలి. ఆర్‌2బి బలమైన టీకా. దానిని చిన్న పిల్లలకు వేస్తే అవి జబ్బుపడతాయి. అందుకే ఎనిమిది వారాల వరకు ఆగుతారు.

వీటిలో కష్టం సూది వేయడం కాదు. టీకా సీసాలో వంద లేదా అంతకు మించిన మోతాదులు ఉంటాయి. పది కోళ్ళు ఉన్న ఇంటివారు సీసా కొనరు. ఒకసారి కలిపిన టీకాను మంచులో ఉంచి గంట రెండు గంటల్లో వాడేయాలి, దాచడానికి వీలులేదు. కాబట్టి ఒక్క ఇంటి పనిగా ఇది సాగదు. పొదుపు సంఘం సభ్యులు ఒక రోజు అనుకుని, ఊళ్ళోని పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలిచి, తెల్లవారుజామున కోళ్ళను గూళ్ళ నుండి వదలకముందే వరుసగా ఇంటింటికీ వెళ్తే పని పూర్తవుతుంది.

ఇక తెగులు సోకిన కోడిని వెంటనే సంతలో అమ్మేయడం గురించి. డబ్బు కొంతైనా చేతికి వస్తుందని చేస్తారు. ఆ కోడితో పాటు తెగులు మరో ఊరికి చేరుతుంది. ఆ ఊరి సంత నుండి మళ్ళీ మన ఊరికే వస్తుంది. చనిపోయిన కోడిని సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

5. పేలు, ఎర్రనల్లులు, గోమార్లు

బయటి పరాన్నజీవులకు మందు వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పురుగు నివాసం కోడి ఒంటి మీదా, గూటిలోనా?

పేను జీవితమంతా కోడి మీదే గడుపుతుంది. వెనుక భాగపు ఈకల మొదళ్ళలో తెల్లని ముద్దలుగా గుడ్లు పెడుతుంది. కనుక చికిత్స కోడికే చేయాలి. గుంటలో పొడి మట్టి, బూడిద పోసి ఉంచితే కోడి తానే పొర్లాడి చాలావరకు వదిలించుకుంటుంది. మందు పొడి చల్లితే గుడ్లు చావవు కనుక పది రోజుల తరువాత మళ్ళీ చల్లాలి.

ఎర్రనల్లి, గోమారు అలా కాదు. పగలు గోడ పగుళ్ళలో, గంప అల్లికలో దాగి, రాత్రి వచ్చి రక్తం పీల్చి తిరిగి వెళ్ళిపోతాయి. పగలు కోడిని ఎంత వెతికినా ఏమీ కనబడదు. రాత్రి టార్చి వేసి గూడు చూడాలి. రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు, బండల పైకప్పులు, ఎండు వాతావరణం గోమార్లకు అనుకూలం. పెద్ద గోమారు ఏడాదికి పైగా ఆహారం లేకుండా బ్రతకగలదు. కాబట్టి కోళ్ళన్నీ పోయాక ఆరు నెలలు గూడు ఖాళీగా ఉంచి, అదే గూటిలో కొత్త పిల్లలను వేస్తే మొదటి రాత్రే అవి బయటకు వస్తాయి.

గోమారు రక్తం పీల్చడంతో ఆగదు. బొరీలియా అనే సూక్ష్మజీవిని కోడికి ఎక్కిస్తుంది. అప్పుడు జ్వరం, ఆకుపచ్చ పారుడు, కాళ్ళు పడిపోవడం కనబడతాయి. చూసినవారు కొక్కెర తెగులు అనేసి చేతులెత్తేస్తారు. కాని ఇది పెన్సిలిన్‌కు లొంగే జబ్బు. టీకా వేసిన కోళ్ళలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే రెక్కల కింద చూడండి: గోమారు పిల్లలు మాత్రం ఐదు నుండి పది రోజులు కోడికే అంటుకుని, నల్లని చిన్న గింజల్లా కనిపిస్తాయి. అవి ఉంటే వెంటనే పశువైద్యునికి చెప్పాలి.

గూటి శుద్ధికి డెల్టామెత్రిన్ వంటి మందులను పశువైద్యుడు చెప్పిన మోతాదులో, కోళ్ళు, గుడ్లు, మేత, నీరు బయటకు తీశాక పగుళ్ళలోకి పిచికారి చేస్తారు. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో మాత్రం ఈ పని చేయకూడదు. గాలికి మల్బరీ ఆకుపై పడిన కొద్ది తుంపర, మందు కొట్టిన చేతులతో కోసిన ఆకు చాలు, ఆ పంట మొత్తం పోవడానికి. పది కోళ్ళను కాపాడబోయి నెల రోజుల పట్టు ఆదాయం పోగొట్టుకున్నట్లవుతుంది. అటువంటివారు పగుళ్ళలో మరిగే నీళ్ళు పోయడం, రాతిగోడకు బ్లోలాంప్ మంట పట్టించడం, ఆపై మట్టి మెత్తి సున్నం కొట్టడం వంటి పద్ధతులనే పాటించాలి. గంపను మిట్టమధ్యాహ్నపు ఎండలో బోర్లించి దులపాలి. మరీ పాతదైతే కాల్చేయడం మేలు. కోళ్ళు కూర్చునే కర్రను గోడకు తగలకుండా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి, కాళ్ళ కింద నూనె పోసిన డబ్బాలు ఉంచితే పురుగు పైకి ఎక్కలేదు. ఏ పద్ధతైనా ఒక్కసారితో సరిపోదు. కోడికి అంటుకున్న పిల్లలు రాలి మళ్ళీ గూటికి చేరతాయి కనుక రెండు వారాల తరువాత తిరిగి చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 60 వాట్ల ఎల్‌ఇడి బల్బు కింద ఉంచిన పిల్లలు ఒకచోట గుమిగూడి ఉన్నాయి. కారణం ఏమై ఉంటుంది?

2. పేలకు కోడి ఒంటికి, గోమార్లకు గూటికి చికిత్స చేయాలని ఎందుకు చెబుతాం?

3. ఆర్‌2బి టీకా వేసిన కోళ్ళకు ఆకుపచ్చ పారుడుతో పాటు కాళ్ళు పడిపోయాయి. ఆ ఇంటి పక్కనే మల్బరీ తోట ఉంది. ముందుగా ఏమి పరిశీలిస్తారు? గూటిని ఎలా శుద్ధి చేయమంటారు?