పొయ్యి మీద కరిగే లోహం

తుపాకి గుండుకు సీసం ఎందుకు అని అడిగితే చాలామంది బరువు వల్ల అంటారు. అది నిజమే. ఒక ఘన సెంటీమీటరు సీసం పదకొండు గ్రాములు దాటి తూగుతుంది, ఇనుము ఎనిమిది గ్రాములకు కూడా చేరదు. బరువైన గుండు గాలిలో వేగాన్ని అంత త్వరగా కోల్పోదు. సీసం మెత్తన కాబట్టి తుపాకి గొట్టం లోపలి గోడను గీరదు. అయితే శతాబ్దాల పాటు సైనికులూ వేటగాళ్లూ సీసాన్నే పట్టుకుని వేలాడటానికి ఈ రెండింటికంటే పెద్ద కారణం మరొకటుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు, రాగికి 1085 డిగ్రీల వేడి కావాలి. సీసానికి 327 డిగ్రీలు సరిపోతాయి. కొలిమి అక్కర్లేదు, తిత్తి అక్కర్లేదు. వంట పొయ్యి, ఇనుప గరిటె, ఒక అచ్చు ఉంటే చాలు. ఈ సులువే సీసాన్ని తూటాల లోహంగా నిలబెట్టింది. ఈ సులువే దాన్ని ఇళ్లలోకి, పెరళ్లలోకి, పిల్లల ఒంట్లోకి తీసుకొచ్చింది. సీసాన్ని ఇంట్లో కరిగించడం గురించి మనకున్న భయం తప్పుచోట ఉందనీ, అసలు ముప్పు మనం చూడని చోట ఉందనీ నా వాదన.

తమిళనాడులోని మన పాలారు లోయకు సీసపు గుండు కొత్త కాదు. 1749 ఆగస్టులో ఆంబూరు దగ్గర ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ప్రాణాలు పోయిన యుద్ధం నుంచి హైదర్ అలీతో జరిగిన పోరాటాల దాకా ఈ దారి పొడవునా తుపాకులు పేలాయి. వేలూరు, గుడియాత్తం మధ్య పాలారు ఒడ్డున ఉన్న విరించిపురం కూడా ఆ సేనలు తిరిగిన నేలలోనిదే. అప్పటి ఈస్టిండియా కంపెనీ సిపాయి చేతిలోని మస్కెట్ గొట్టం వెడల్పు ముప్పాతిక అంగుళం, అందులో పట్టే గుండు ముప్పై గ్రాముల పైచిలుకు. గుండునూ మందునూ కలిపి కాగితంలో చుట్టి సిపాయికి ఇచ్చేవారు. అంటే ప్రతి తూటా వెనుకా సీసం కరిగించి పోసిన చేతులు, చుట్టిన చేతులు ఉన్నాయి. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు ప్రాకారం మీద చిక్కుకున్న 69వ రెజిమెంటు తెల్ల సైనికులకు తూటాలు అయిపోయాయి. ఆర్కాటు నుంచి దౌడు తీస్తూ వచ్చిన ఆంగ్ల సేనాని గిలెస్పీ, ఫిరంగులు వచ్చి కోట తలుపు బద్దలయ్యేదాకా వాళ్లను బాయ్‌నెట్లతోనే నిలబెట్టాల్సి వచ్చింది. ఆ సైనికుల కథ చరిత్రలో మిగిలింది. గుండ్లు పోసినవాళ్ల ఆరోగ్యం సంగతి ఎవరూ రాయలేదు.

ఇప్పుడు తూటాలు కర్మాగారాల్లో తయారవుతాయి. అయినా అమెరికా వంటి దేశాల్లో పిస్తోలు గురి సాధన చేసేవాళ్లు చాలామంది పేలిన తూటా ఇత్తడి తొడుగును దాచి, శుభ్రం చేసి, మళ్లీ నింపుకుంటారు. ఆ తొడుగు ఎన్నోసార్లు పనికొస్తుంది. గుండును తుక్కు సీసంతో ఇంట్లోనే పోసుకుంటే ఖర్చు మరింత తగ్గుతుంది. వాళ్లు ఎంతో ఇష్టంగా వెతికే తుక్కులో ఒకటి పాత లైనోటైపు అచ్చు లోహం. ఒకప్పుడు పత్రికల అక్షరాలు పోసిన లోహం అది. నూటికి ఎనభై నాలుగు పాళ్లు సీసం, పన్నెండు పాళ్లు యాంటిమొనీ, నాలుగు పాళ్లు తగరం. యాంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు ముడుచుకోవడాన్ని తగ్గిస్తుంది. తగరం వల్ల ద్రవం అచ్చు మూలల్లోకి చక్కగా పారుతుంది. అక్షరం అంచు పదునుగా రావడానికి పనికొచ్చిన గుణమే గుండు అంచుకూ పనికొచ్చింది.

మన దేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు విభాగంలో వెండి పతకం గెలిచిందంటే అది కర్మాగారపు తూటాలతోనే. పైగా ఆ పోటీలో వాడే చిన్న తూటా మందు అంచులో ఉంటుంది కాబట్టి మళ్లీ నింపడానికి పనికిరాదు. మరి ఎక్కడో అమెరికా గ్యారేజీల్లో జరిగే పనితో వేలూరు, గుడియాత్తం పాఠకులకు ఏం సంబంధం? రెండు సంబంధాలున్నాయి. ఒకటి, ఆ పనిలో మొదటి సగం, అంటే తుక్కు సీసాన్ని చిన్న చోట కరిగించి పోయడం, మన ఊళ్లలోనూ ఉంది. పాత బ్యాటరీ పలకలు కరుగుతాయి, చేపల వలలకు కట్టే గుండ్లు పోస్తారు. రెండోది, ఆ పని మనిషికి ఏం చేస్తుందో చూపే సాక్ష్యం తుపాకి పట్టినవాళ్ల దగ్గర బాగా పోగుపడింది. వాళ్లు చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు, రక్తం పరీక్ష చేయించుకునేవాళ్లు. షూటర్ల రక్తంలో సీసం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2017లో ఒక పరిశోధక బృందం ఒకచోట చేర్చి చూసింది. ఎక్కువ అధ్యయనాల్లో డెసిలీటరు రక్తానికి పది మైక్రోగ్రాములు దాటిన షూటర్లు కనిపించారు. కడుపు నిండిన, జాగ్రత్త తెలిసిన మనుషుల స్థితే అలా ఉంటే, బ్యాటరీలు పగలగొట్టి బతికేవాళ్ల స్థితిని తక్కువగా అంచనా వేయలేం.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది, దాన్ని దాటేయకూడదు. సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. గుండ్లు పోసేవాళ్లు నాలుగు వందల డిగ్రీలకు అటూ ఇటూగా పనిచేస్తారు. ఆ వేడికి సీసం ఆవిరయ్యేది అతి స్వల్పం. అలాంటప్పుడు విషపు పొగ ఎక్కడిది అని అనుభవజ్ఞులు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. సీసపు పొగ గణనీయంగా లేచేది వేడి 500 డిగ్రీలు దాటాకే. కొలత లేని కట్టెల మంట మీద, ఊదర పొయ్యి మీద ఆ గీత ఎప్పుడు దాటామో తెలియకపోవడం ఒక చిక్కు. అయినా వేడి అదుపులోనే ఉందనుకుందాం. అప్పుడు కూడా కరిగిన సీసం ముఖం గాలికి తగిలి తెట్టు కడుతూనే ఉంటుంది. ఆ తెట్టులో ఎక్కువ భాగం సీసపు ఆక్సైడు. గరిటెతో తీసి పక్కన కొడితే పొడిగా రాలుతుంది. ముద్ద సీసం చర్మంలోంచి ఒంట్లోకి దిగదు, అరచేతిలో పెట్టుకున్నా పెద్దగా ఏమీ కాదు. ఈ పొడి మాత్రం వేళ్లకు, చొక్కాకు, చెప్పులకు అంటుకుని పొయ్యి దగ్గర నుంచి అన్నం కంచం దాకా నడిచి వస్తుంది.

తూటాలు మళ్లీ నింపేవాళ్ల దగ్గర దీనికి ఇంకో రుజువుంది. తూటా అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటుంది. గుడియాత్తంలో చేసే అగ్గిపుల్ల ఒరిపిడితో అంటుకున్నట్టే అది దెబ్బతో అంటుకుంటుంది. ఎక్కువ ప్రైమర్లలో ఆ పని చేసేది లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు సమ్మేళనం. పేలాక దాని మసి తొడుగు లోపల మిగులుతుంది. వాల్‌నట్ పెంకు పొడిలోనో మొక్కజొన్న కండె పొడిలోనో ఆ తొడుగుల్ని దొర్లించి శుభ్రం చేసేటప్పుడు మసి అంతా ఆ పొడిలోకి చేరుతుంది. తర్వాత జల్లెడ పడితే గాలిలోకి లేస్తుంది. ఆ గదిలో నిప్పూ లేదు, కరిగిన లోహమూ లేదు, వాసన కూడా రాదు. అక్కడే సీసం ఊపిరిలోకి పోతుంది. పొగ కనిపిస్తే కిటికీ తెరుస్తాం. కనిపించని దుమ్ముకు మనం ఏమీ చేయం.

ఒంట్లోకి చేరిన సీసం కాల్షియం వేషం వేస్తుంది. కాల్షియం వెళ్లే దారుల్లోనే పోయి నరాల మధ్య సంకేతాలను చెడగొడుతుంది, ఎముకల్లో పేరుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమ్ తయారీకి కావలసిన ఎంజైములను అడ్డుకుని రక్తహీనత తెస్తుంది. మింగిన సీసంలో పెద్దవాళ్లు పదో వంతుకు అటూ ఇటూగా పీల్చుకుంటే చిన్నపిల్లలు సగం దాకా పీల్చుకుంటారు. ఒంట్లో ఇనుము తక్కువైతే ఈ పీల్చుకోవడం ఇంకా పెరుగుతుంది. రక్తంలో సీసం నెల రోజులకు దాదాపు సగానికి పడిపోతుంది, ఎముకలో చేరింది పదేళ్లూ ఇరవయ్యేళ్లూ ఉండిపోతుంది. గర్భిణి ఎముకల్లోంచి కాల్షియం బిడ్డకు వెళ్లేటప్పుడు పాత సీసమూ వెంట వెళ్తుంది. తండ్రి ఎప్పుడో మానేసిన పని, ఆ ఇంట్లో పెరిగిన కూతురి ద్వారా మనవడికి అందగలదు.

వేలూరుకు ఇది పుస్తకాల మాట కాదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు పట్టణంలోని పేద వాడల పిల్లల రక్తాన్ని పరీక్షించి 2014లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పదిహేను నెలల వయసులో దాదాపు 45 శాతం పిల్లల్లో సీసం పది మైక్రోగ్రాములకు మించి ఉంది. మట్టి నేల ఉన్న ఇళ్లలో ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆ పది అనేది పాత కొలబద్ద. అమెరికా ఆరోగ్య సంస్థ 2021 నాటికి దాన్ని మూడున్నరకు దించింది. ఎంత తక్కువైనా సీసం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేలూరు పిల్లల రక్తంలోని సీసాన్ని బ్యాటరీ పొయ్యిలకు అంటగట్టడం న్యాయం కాదు. పాత పెయింటు, నీటి గొట్టాలు, తగరమని చెప్పి సీసం కలిపి అమ్మే పాత్రలు, ఇలా దారులు చాలా ఉన్నాయి. రసం కాచే ఈయచెంబు శుద్ధ తగరంతో చేసినదైతే సరే, అందులో సీసం కలిస్తే చింతపండు పులుపు దాన్ని కరిగించి రసంలోకి దించుతుంది. కానీ ఇన్ని దారులుండటం పొయ్యిని వదిలేయడానికి కారణం కాకూడదు. ఇప్పటికే బరువు మోస్తున్న పిల్లల మీద, ఆపగలిగిన బరువును ముందు ఆపాలి.

ముందే ఆపాలన్న ఈ మాటకు చట్టబలం కూడా ఈ నేల మీదే పుట్టింది. పాలారును తోళ్ల కార్ఖానాలు పాడుచేశాయని వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ముప్పు తీవ్రమైనదైతే పూర్తి శాస్త్రీయ నిర్ధారణ కోసం ఆగకుండా ముందుజాగ్రత్త తీసుకోవాలన్న సూత్రాన్ని దేశ చట్టంలో భాగమని ఆ తీర్పు గుర్తించింది. తోళ్ల కాలువ రంగు మారితే ఊరంతా చూసింది, నీళ్లు ఉప్పగా మారితే ఊరంతా రుచి చూసింది. సీసానికి అలాంటి ఆనవాలు లేదు కాబట్టి దాని తరఫున వేదిక కట్టేవాళ్లు లేరు.

తాతల నాటి నుంచి కరిగిస్తున్నాం, ఏమైంది అనే మాట ఒకటి మిగిలింది. తాతల కాలంలో రక్తపరీక్ష లేదు. సీసం మనిషిని పడగొట్టి చంపడం అరుదు. తెలివిలో కొన్ని పాయింట్లు తీసుకుపోతుంది, రక్తపోటుకు కొన్ని అంకెలు కలుపుతుంది. ఆ నష్టాన్ని ఏ ఇంట్లోనూ ఎవరూ లెక్కపెట్టుకోలేదు. పొట్టకూటి మాట దీనికంటే గట్టిది. బ్యాటరీ తుక్కు మీద బతికేవాడికి పొయ్యి ఆర్పమని చెప్పి చేతులు దులుపుకుంటే అది అన్యాయం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీని తయారీదారు వెనక్కి తీసుకుని నమోదైన శుద్ధి కేంద్రానికి పంపాలంటున్నాయి. ఆ గొలుసులో సేకరించే పని చిన్నవాళ్లకు దక్కితే, కరిగించే పని ఇళ్ల మధ్య నుంచి కదులుతుంది. ఆ రోజు వచ్చేదాకా చేయగలిగినవి ఉన్నాయి. కరిగించే చోట తినకూడదు, బీడీ కాల్చకూడదు. ఆ బట్టలు ఇంట్లోకి రాకూడదు, పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. నేలను పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడి గుడ్డతో తుడవాలి. పిల్లలకు ఇనుమూ కాల్షియమూ ఉన్న తిండి పెట్టాలి. ఆ ఇంట్లో గర్భిణి గానీ ఆరేళ్లలోపు బిడ్డ గానీ ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. దానికి వేలి నుంచి తీసిన చుక్క కాదు, సిర నుంచి తీసిన రక్తమే నమ్మదగినది. వేలికి అంటిన దుమ్ము కూడా ఆ చుక్కలో కలిసి లెక్కను పెంచేస్తుంది.